613 మందికి మెయిల్ పంపబోతే ఒక్కరికే వెళ్ళింది, అదీ మిగతా అందరి అడ్రస్‌లతో

కొత్త_షెల్ | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం అండి. ఫోన్ లో తెలుగు కీబోర్డ్ తో టైప్ చేస్తున్నా కాబట్టి కమాండ్లు పలికినట్టే రాస్తున్నా, అర్థం చేసుకోగలరు.

మా సంఘం సభ్యుల అడ్రస్‌లు ఒక టెక్స్ట్ ఫైల్ లో ఉన్నాయి, లైన్ కి ఒకటి, మొత్తం 613. అందరికీ ఒక నోటీస్ పీడీఎఫ్ పంపాలి. సంఘానికి సొంత డొమైన్ ఉంది, చిన్న డెబియన్ లినక్స్ సర్వర్, దాని మీద మెయిల్స్ పంపే పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రామ్ నడుస్తోంది. ముందు నా అడ్రస్ కే ఒకటి పంపి చూసుకున్నా, మెయిల్ కమాండ్ కి సబ్జెక్ట్, అటాచ్‌మెంట్ ఇచ్చి, బాడీ అడిగితే ఏమీ రాయకుండా కంట్రోల్ డి కొట్టా, బాగానే వచ్చింది. సరే అని లిస్ట్ లో ఒక్కో లైన్ చదివే వైల్ రీడ్ లూప్ రాసి, లోపల అదే మెయిల్ లైన్ పెట్టి, లూప్ ని ముగించే డన్ తర్వాత లిస్ట్ ఫైల్ ని ఇన్‌పుట్ గా ఇచ్చా. రన్ చేస్తే సెకను లో అయిపోయింది. ఎర్రర్ ఏమీ లేదు. లాగ్ చూస్తే ఒకే ఒక్క మెయిల్ వెళ్ళింది.

పది నిమిషాలకి లిస్ట్ లో మొదటి పేరు ఉన్న ఆవిడ ఫోన్ చేసి "బాబూ, నాకు వచ్చిన మెయిల్ లో అందరి అడ్రస్‌లు ఉన్నాయేంటి" అన్నారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎందుకిలా జరిగిందో చెప్పండి, మళ్ళీ రన్ చేయాలంటేనే భయమేస్తోంది.

పైప్_గోపురం | సోమవారం రాత్రి 9:31

ముందు ఇంకేమీ రన్ చేయకండి.

జరిగింది ఇది. మెయిల్ కమాండ్ బాడీని స్టాండర్డ్ ఇన్‌పుట్ (కమాండ్ కి మామూలుగా డేటా అందే దారి) నుంచి చదువుతుంది. మీరు చేత్తో టెస్ట్ చేసినప్పుడు ఆ ఇన్‌పుట్ మీ కీబోర్డ్, అందుకే కంట్రోల్ డి కొడితే ఖాళీ బాడీ తో వెళ్ళింది. లూప్ లో మాత్రం స్టాండర్డ్ ఇన్‌పుట్ అంటే మీ లిస్ట్ ఫైలే, ఎందుకంటే డన్ దగ్గర ఇచ్చింది లూప్ లోపల ఉన్న ప్రతి కమాండ్ కీ వర్తిస్తుంది. రీడ్ మొదటి లైన్ తీసుకుంది, తర్వాత మెయిల్ వచ్చి మిగిలిన 612 లైన్లనీ బాడీ అనుకుని ఫైల్ చివరి దాకా చదివేసింది, ఆ బాడీనే మొదటి ఆవిడకి పంపింది. రెండో చుట్టు లో రీడ్ కి ఏమీ మిగల్లేదు, లూప్ ఆగిపోయింది. షెల్ లెక్కలో అన్నీ సవ్యంగానే జరిగాయి కాబట్టి ఎర్రర్ రాదు.

వేరే మెషీన్ లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ ని లూప్ లో పెట్టినా, వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ని పెట్టినా ఇదే జరుగుతుంది, మొదటి లైన్ తోనే లూప్ అయిపోతుంది. అక్కడ మిగతా లైన్లు పోగొట్టుకుంటాం అంతే, మెయిల్ తో అయితే ఆ లైన్లు ఇంకొకరి ఇన్‌బాక్స్ కి చేరిపోతాయి.

దిద్దడం తేలిక. మెయిల్ లైన్ చివర బాడీ కోసం విడిగా ఒక ఫైల్ ఇవ్వండి, లెస్ దెన్ గుర్తు పెట్టి బాడీ డాట్ టెక్స్ట్. బాడీ వద్దనుకుంటే డెవ్ నల్ (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైల్) ఇవ్వండి. నేనైతే దానితో పాటు లిస్ట్ ని 3 నంబర్ డిస్క్రిప్టర్ (ఫైల్ చదవడానికి విడి దారి) మీద తెరుస్తా, అంటే రీడ్ కి "లెస్ దెన్ యాంపర్‌సాండ్ 3", డన్ దగ్గర "3 లెస్ దెన్ లిస్ట్". అప్పుడు లోపల ఏ కమాండ్ పెట్టినా లిస్ట్ జోలికి రాదు.

క్యూ_కాపలా | సోమవారం రాత్రి 9:48

గోపురం గారు చెప్పింది కరెక్ట్. టెక్నికల్ సంగతి పక్కన పెట్టి ఒక మాట చెప్తా. ఆ మొదటి ఆవిడకి ఇప్పుడే ఫోన్ చేసి ఆ మెయిల్ ని ఫార్వర్డ్ చేయొద్దని, డిలీట్ చేయమని అడగండి. సంఘం కమిటీకి కూడా రాత పూర్వకంగా చెప్పండి. 612 మంది అడ్రస్‌లు అవి, వాళ్ళు మీ సంఘాన్ని నమ్మి ఇచ్చినవి. రేపు పంపే నోటీస్ లోనే రెండు లైన్లలో జరిగింది చెప్పేస్తే ఇంకా మంచిది.

కొత్త_షెల్ | సోమవారం రాత్రి 10:05

చేశానండి, ఆవిడ డిలీట్ చేశారు. కమిటీకి కూడా మెయిల్ పెట్టా. నోటీస్ లో కూడా రాస్తాను.

ఇంకో అనుమానం, లూప్ ఎందుకసలు, 613 మందినీ బీసీసీ లో (ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనపడకుండా) పెట్టేసి ఒక్క మెయిల్ పంపితే అయిపోదా?

ఒకే_లైన్ | సోమవారం రాత్రి 10:22

అయిపోతుంది బ్రో, నేను ఏళ్ళుగా అలాగే పంపుతున్నా. స్ప్లిట్ తో లిస్ట్ ని 50 చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్కని పేస్ట్ కమాండ్ తో కామాలు పెట్టి కలిపి, మెయిల్ కి డాష్ బి తో ఇచ్చేస్తా. 613 అంటే 13 మెయిల్స్, నిమిషం పని. మెయిల్ సర్వర్లు పాటించే ఎస్ఎంటీపీ స్టాండర్డ్ ప్రకారం ఏ సర్వర్ అయినా ఒక మెయిల్ కి కనీసం 100 మంది రిసిపియెంట్స్ ని తీసుకోవాల్సిందే, 50 కి ఎవరూ కాదనరు.

క్యూ_కాపలా | సోమవారం రాత్రి 10:40

బ్రో, ఆఫీస్ లో పదిహేను మందికి అయితే నేనూ అదే చేస్తా. వందల్లో ఉంటే ఒప్పుకోను. టు లో తన అడ్రస్ లేని మెయిల్ ని స్పామ్ ఫిల్టర్లు అనుమానంగా చూస్తాయి, అదొకటి. ఎవరైనా "నన్ను లిస్ట్ నుంచి తీసేయండి" అంటే ఏ అడ్రస్ కి వచ్చిందో మెయిల్ చూసి చెప్పలేం, ఎందుకంటే చాలా మందికి పాత అడ్రస్ నుంచి కొత్త దానికి ఫార్వర్డ్ పెట్టుకునే అలవాటు ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, 50 మంది ముక్క మధ్యలో ఏదో తేడా వచ్చి ఆగితే ఎవరికి వెళ్ళిందో ఎవరికి వెళ్ళలేదో తేల్చడం నరకం. ఒక్కొక్కరికి ఒక్కో మెయిల్ అయితే ఒక్కో మెయిల్ కి ఒక్కో క్యూ ఐడీ (పంపే వరసలో దాని గుర్తు) ఉంటుంది, లాగ్ లో గ్రెప్ కొట్టి వెతికితే ఆ మనిషి కథంతా ఒక చోట దొరుకుతుంది.

ఒకే_లైన్ | సోమవారం రాత్రి 10:51

లాగ్ విషయం ఒప్పుకుంటా, మిగతావి నాకెప్పుడూ ఎదురవలేదు. కానీ నా లిస్ట్ అంతా ఒకే సంస్థ లోపలి వాళ్ళు, అది తేడా అయ్యుండొచ్చు.

బ్యాచ్_బండి | మంగళవారం ఉదయం 6:55

లూప్ రాసేముందు లిస్ట్ ని శుభ్రం చేసుకోండి, సగం తలనొప్పి అక్కడే పోతుంది. స్ప్రెడ్‌షీట్ నుంచి విండోస్ లో సేవ్ చేసిన ఫైల్ అయితే ప్రతి లైన్ చివరా కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్ అనే గుర్తు ఉంటుంది, అది అడ్రస్ చివర అతుక్కుపోయి వింత వింత ఎర్రర్లు వస్తాయి. క్యాట్ కి డాష్ క్యాపిటల్ ఎ ఇచ్చి చూడండి, లైన్ చివర టోపీ గుర్తు, ఎమ్ కనిపిస్తే అదే. టీఆర్ డాష్ డి తో తీసేయండి. ఇంకోటి, ఫైల్ చివరి లైన్ తర్వాత న్యూలైన్ లేకపోతే రీడ్ ఆ లైన్ ని వేరియబుల్ లో పెడుతుంది గానీ ఫెయిల్ అని చెప్తుంది, దాంతో లూప్ లోపలికి వెళ్ళదు, ఆఖరి మనిషికి మెయిల్ పోదు. ఒకసారి ఇలా ఒకరికి మూడు నెలలు మెయిల్స్ అందలేదు, ఆయన అడిగేదాకా ఎవరికీ తెలీదు. ఆయన పేరు అక్షర క్రమం లో చివరిది, ప్రతి సారీ ఆయనే.

తర్వాత అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చి సార్ట్ డాష్ యు కొట్టండి, డూప్లికేట్లు పోతాయి.

కొత్త_షెల్ | మంగళవారం ఉదయం 8:20

బండి గారు చెప్పినట్టు చేస్తే 613 కాస్తా 607 అయ్యాయి. ఆరుగురికి రెండేసి సార్లు వెళ్ళేవన్నమాట. క్యారేజ్ రిటర్న్ లు కూడా ఉన్నాయి, 200 వ లైన్ దగ్గర్నుంచి, ఎవరో మధ్యలో వేరే ఫైల్ అతికించినట్టున్నారు.

ఇంకో ప్రశ్న. నా లాప్‌టాప్ లో అటాచ్‌మెంట్ కి స్మాల్ ఎ పనిచేస్తోంది, సర్వర్ లో క్యాపిటల్ ఎ ఇస్తేనే పనిచేస్తోంది, స్మాల్ ఇస్తే పీడీఎఫ్ రావట్లేదు. ఎందుకు?

పైప్_గోపురం | మంగళవారం ఉదయం 8:44

మెయిల్ అనే పేరు తో మూడు నాలుగు వేరు వేరు ప్రోగ్రామ్‌లు ఉన్నాయి, గొడవంతా అదే. మెయిల్ కమాండ్ 1971 మొదటి యూనిక్స్ నుంచీ ఉంది, తర్వాత బర్క్‌లీ వాళ్ళ యూనిక్స్ (బీఎస్‌డీ) ది ఒకటి వచ్చింది, దాని పిల్లలే ఇప్పుడున్నవి. హెయిర్లూమ్ మెయిల్ఎక్స్ లో, దాని తర్వాత వచ్చిన ఎస్-నెయిల్ లో స్మాల్ ఎ అంటే అటాచ్. గ్నూ మెయిల్‌యుటిల్స్ లో స్మాల్ ఎ అంటే అదనపు హెడర్ (సబ్జెక్ట్, టు లాంటి పై లైన్), క్యాపిటల్ ఎ అంటే అటాచ్. బీఎస్‌డీ మెయిల్ఎక్స్ లో స్మాల్ ఎ హెడర్ కే, అటాచ్ అన్నదే లేదు. ఒక మెషీన్ మీద రాసిన స్క్రిప్ట్ ని ఇంకో దాని మీద వేసేముందు మ్యాన్ పేజీ (ఆ కమాండ్ వివరణ) చదవాలి, వేరే దారి లేదు.

ఈ బెడద వద్దనుకుంటే సెండ్‌మెయిల్ కమాండ్ వాడండి. ఎరిక్ ఆల్‌మన్ రాసిన సెండ్‌మెయిల్ 1983 లో బీఎస్‌డీ తో వచ్చింది, తర్వాత వచ్చిన ఎగ్జిమ్, పోస్ట్‌ఫిక్స్ అన్నీ ఆ పేరుతో ఒక కమాండ్ ని, అవే ఆప్షన్లతో, ఇప్పటికీ ఇస్తున్నాయి. హెడర్లు, ఒక ఖాళీ లైన్, బాడీ అన్నీ మీరే రాసి దానికి పైప్ చేయాలి. డాష్ టి ఇస్తే ఎవరికి పంపాలో టు లైన్ చూసి తనే తీసుకుంటుంది. డాష్ ఎఫ్ తో బౌన్స్ లు (చేరక తిరిగొచ్చేవి) ఏ అడ్రస్ కి రావాలో చెప్పొచ్చు. డాష్ ఐ మాత్రం మర్చిపోవద్దు.

సాయంత్రం_క్రాన్ | మంగళవారం ఉదయం 9:30

ఆ డాష్ ఐ గురించి నేను చెప్తా, నాకు బాగా తగిలింది. బాడీ లో ఒక లైన్ మీద చుక్క ఒక్కటే ఉంటే సెండ్‌మెయిల్ అక్కడితో మెయిల్ అయిపోయిందనుకుంటుంది. మా వార్తాలేఖ రాసే పెద్దాయనకి ఒక్కో పేరా మధ్య ఒక చుక్క పెట్టడం అలవాటు. 400 మందికి మొదటి పేరా ఒక్కటే వెళ్ళింది. ఆయన నెల రోజులు కూర్చుని రాసిన వ్యాసం అది, ఎవరూ ఏమీ అనకపోతే నచ్చలేదేమో అనుకుని బాధపడ్డారు. నేను లాగ్ లో సైజ్ చూసేదాకా అసలు సంగతి తెలీలేదు. మళ్ళీ పంపాక ఆయనకి పాతిక జవాబులు వచ్చాయి.

తెలుగు సబ్జెక్ట్ పెడుతున్నారా? అయితే అది ఇంకో కథ.

కొత్త_షెల్ | మంగళవారం ఉదయం 9:41

తెలుగే అండి. నిన్న టెస్ట్ లో బాగానే కనిపించింది, కానీ క్రాన్ (టైమ్ కి కమాండ్లు తనే నడిపేది) లో పెట్టి చూస్తే ప్రశ్నార్థకాలు వచ్చాయి.

సాయంత్రం_క్రాన్ | మంగళవారం ఉదయం 10:15

మీరు లాగిన్ అయినప్పుడు లోకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) యూటీఎఫ్-8 ఉంటుంది, క్రాన్ కి అది తెలీదు, ఉత్త సి లోకేల్ తో నడుస్తుంది. క్రాన్‌టాబ్ (క్రాన్ పనుల ఫైల్) పైన లాంగ్ వేరియబుల్ ని యూటీఎఫ్-8 లోకేల్ కి సెట్ చేయండి. హెయిర్లూమ్ మెయిల్ఎక్స్ అయితే ఇంకా ఘోరం, లోకేల్ సరిగ్గా లేకపోయినా బాడీ లో క్యారేజ్ రిటర్న్ దూరినా మొత్తం బాడీని టెక్స్ట్ గా కాకుండా బైనరీ అటాచ్‌మెంట్ గా పంపేస్తుంది, చదివేవాళ్ళకి డాట్ బిన్ అని ఏదో ఫైల్ కనిపిస్తుంది, భయపడి డిలీట్ చేసేస్తారు.

సెండ్‌మెయిల్ తో చేత్తో హెడర్ రాస్తే సబ్జెక్ట్ ని మీరే ఎన్‌కోడ్ చేయాలి, హెడర్ లో తెలుగు అక్షరాలు నేరుగా పెట్టకూడదు. యూటీఎఫ్-8 అని చెప్పి బేస్64 లో (మామూలు ఇంగ్లీష్ అక్షరాల్లోకి మార్చి) పెట్టాలి, ఒక్కో ముక్క 75 క్యారెక్టర్లు దాటకూడదు. చుట్టూ ఉండే గుర్తులకి 12 పోతే 60 బేస్64 అక్షరాలు పడతాయి, అంటే 45 బైట్లు. తెలుగులో ఒక్కో కోడ్ కి 3 బైట్లు కాబట్టి ముక్కకి 15 కోడ్లే. అవి కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు, "క్షి" అన్నదానికే నాలుగు పోతాయి. సబ్జెక్ట్ కొంచెం పొడుగైతే రెండు మూడు ముక్కలు అవుతుంది, ముక్క కోడ్ మధ్యలో తెగకూడదు. పైగా బేస్64 కమాండ్ 76 దగ్గర తనే లైన్ విరిచేస్తుంది, డాష్ డబ్ల్యూ 0 ఇవ్వకపోతే హెడర్ పాడైపోతుంది. ఇదంతా చేత్తో చేయొద్దు. మట్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడండి, లోకేల్ సరిగ్గా ఉంటే మొత్తం తనే చూసుకుంటుంది. డాష్ ఎస్ సబ్జెక్ట్, డాష్ ఎ ఫైల్, తర్వాత రెండు డాష్‌లు, తర్వాత అడ్రస్, బాడీ ఇన్‌పుట్ నుంచి. ఆ రెండు డాష్‌లు లేకపోతే అడ్రస్ ని కూడా అటాచ్ చేయాల్సిన ఫైల్ అనుకుంటుంది.

క్యూ_కాపలా | మంగళవారం ఉదయం 10:50

మట్ తో ఒక జాగ్రత్త, పంపిన ప్రతి మెయిల్ కాపీని హోమ్ లో సెంట్ అనే ఫైల్ లో దాచుకుంటుంది. పీడీఎఫ్ 2 ఎంబీ అనుకోండి, బేస్64 చేస్తే మూడో వంతు పైన పెరుగుతుంది, 607 కాపీలంటే 1.6 జీబీ పైనే. డాష్ ఇ తో సెట్ కాపీ నో అని ఇవ్వండి. అసలు పీడీఎఫ్ ని మీ సైట్ లో పెట్టి మెయిల్ లో లింక్ ఇవ్వడం నయం, క్యూ కూడా తేలిగ్గా ఉంటుంది, నోటీస్ లో తప్పు దొర్లితే ఫైల్ మార్చుకోవచ్చు.

ఇంకో మాట, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. లూప్ ని కంట్రోల్ సి కొట్టి ఆపినంత మాత్రాన మెయిల్స్ ఆగవు. మెయిల్ కమాండ్ జీరో ఎగ్జిట్ కోడ్ (పని సరిగ్గా అయిందనే జవాబు) ఇచ్చిందంటే పోస్ట్‌ఫిక్స్ క్యూ లో పడింది అని మాత్రమే, చేరింది అని కాదు. అప్పటికే క్యూ లో ఉన్నవి పోతూనే ఉంటాయి. వెంటనే రూట్ గా పోస్ట్‌సూపర్ డాష్ హెచ్ ఆల్ కొట్టండి, అన్నీ హోల్డ్ లో పడతాయి. తీరిగ్గా చూసుకుని క్యాపిటల్ హెచ్ తో వదలొచ్చు, లేదా డాష్ డి తో తీసేయొచ్చు. వెళ్ళిపోయిన వాటిని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

అందుకే నేను పెద్ద బ్యాచ్ ఎప్పుడూ ఇలా పంపుతా. ముందు పోస్ట్‌ఫిక్స్ సెట్టింగ్స్ ఫైల్ మెయిన్ డాట్ సీఎఫ్ లో డిఫర్ ట్రాన్స్‌పోర్ట్స్ కి ఎస్ఎంటీపీ అని పెట్టి రీలోడ్ చేస్తా, దాంతో బయటికి ఒక్కటీ పోదు. లూప్ మొత్తం రన్ చేస్తా, 607 క్యూ లో కూర్చుంటాయి. మెయిల్‌క్యూ లో లెక్క సరిపోయిందా చూసి, నాలుగైదు ఐడీలు తీసి పోస్ట్‌క్యాట్ డాష్ క్యూ తో తెరిచి చదువుతా, మొదటిది, చివరిది, మధ్యలోవి కొన్ని. సబ్జెక్ట్, టు, బాడీ అన్నీ బాగుంటే ఆ సెట్టింగ్ తీసేసి, రీలోడ్ చేసి, పోస్ట్‌క్యూ డాష్ ఎఫ్. మీరు నిన్న ఇలా చేసుంటే ఆ మొదటి మెయిల్ క్యూ లోనే దొరికిపోయేది.

గిట్టుబాటు_లేని_వైఫై | మంగళవారం మధ్యాహ్నం 1:10

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, నాకు సర్వర్ లేదు, ఇంట్లో లాప్‌టాప్ నుంచే 200 మందికి పంపాలి. పోస్ట్‌ఫిక్స్ వేశా కానీ ఒక్కటీ పోవట్లేదు, కనెక్షన్ టైమ్‌డ్ ఔట్ అంటోంది.

పైప్_గోపురం | మంగళవారం మధ్యాహ్నం 1:35

ఇంటి కనెక్షన్ల మీద పోర్ట్ 25 ని (సర్వర్ల మధ్య మెయిల్ వెళ్ళే దారి) చాలా చోట్ల మూసేస్తారు, తెరిచున్నా ఇంటి ఐపీ నుంచి నేరుగా వచ్చిన మెయిల్ ని పెద్ద సర్వర్లు తీసుకోవు. మీ మెయిల్ అకౌంట్ సర్వర్ ద్వారానే పంపండి, పోర్ట్ 587. ఎంఎస్ఎంటీపీ వేసుకోండి, చిన్నది, సెండ్‌మెయిల్ లాగే ఇన్‌పుట్ తీసుకుంటుంది. కాన్ఫిగ్ ఫైల్ పర్మిషన్ 600 (వేరేవాళ్ళు చదవకుండా) పెట్టండి. జీమెయిల్ అయితే రెండంచెల లాగిన్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి, మామూలు పాస్‌వర్డ్ 2022 మే నుంచి పనిచేయదు. వ్యక్తిగత అకౌంట్ కి రోజుకి 500 మందే పరిమితి, మీ 200 కి ఇబ్బంది లేదు. ఎంఎస్ఎంటీపీ కి సొంత క్యూ లేదు, మధ్యలో నెట్ పోతే ఆ మెయిల్ పోయినట్టే, కాబట్టి ఎగ్జిట్ కోడ్ చూసి, జీరో వచ్చిన అడ్రస్ ని మాత్రమే సెంట్ లిస్ట్ అనే ఫైల్ కి కలుపుతూ వెళ్ళండి. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు గ్రెప్ డాష్ వి ఎక్స్ ఎఫ్ ఎఫ్ తో పంపినవి తీసేసి మిగిలినవే తీసుకోండి. అందులో మొదటి ఎఫ్ క్యాపిటల్. ఎక్స్ మర్చిపోతే ఒక అడ్రస్ ఇంకో పొడుగు అడ్రస్ లో భాగంగా ఉన్నప్పుడు ఆ రెండో మనిషిని కూడా వదిలేస్తుంది.

గిట్టుబాటు_లేని_వైఫై | మంగళవారం సాయంత్రం 5:02

పనిచేసింది అన్నా! 200 కి 200. చాలా థ్యాంక్స్.

బ్యాచ్_బండి | మంగళవారం సాయంత్రం 5:40

కొత్త_షెల్ గారూ, వదిలేముందు మీ డొమైన్ కి ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఏ సర్వర్ పంపొచ్చో చెప్పే రికార్డ్), డీకిమ్ (మెయిల్ కి డిజిటల్ సంతకం) ఉన్నాయా, ఐపీ కి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నుంచి పేరు చెప్పేది) ఉందా చూసుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తనకి మెయిల్ పంపే ప్రతి ఒక్కరి దగ్గరా ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ, రివర్స్ డీఎన్ఎస్ అడుగుతోంది. రోజుకి 5000 దాటితే రెండూ ఉండాలి, డీమార్క్ (ఆ రెండూ తప్పితే ఏం చేయాలో చెప్పే రికార్డ్) కూడా కావాలి, మీకు అంత దూరం రాదు. లిస్ట్ అన్‌సబ్‌స్క్రైబ్ హెడర్ మాత్రం ఎంతమందికి పంపినా పెట్టండి. బయటికి వెళ్ళే దారి కనిపించకపోతే జనం స్పామ్ బటన్ నొక్కుతారు, అది మీ డొమైన్ కి మచ్చ.

ఒకే డొమైన్ కి వరుస మెయిల్స్ మధ్య ఒక సెకను ఆగేలా పోస్ట్‌ఫిక్స్ లో డిఫాల్ట్ డెస్టినేషన్ రేట్ డిలే కి 1 ఇవ్వండి. లూప్ లో స్లీప్ పెట్టడం కన్నా ఇది మేలు.

కొత్త_షెల్ | బుధవారం రాత్రి 8:15

పంపేశాను అండి, జరిగినదంతా చెప్తాను.

డీకిమ్ లేదు, దానికే మంగళవారం రాత్రంతా పట్టింది. కాపలా గారు చెప్పినట్టు డిఫర్ పెట్టి లూప్ రన్ చేస్తే క్యూ లో సరిగ్గా 607. పోస్ట్‌క్యాట్ తో తెరిచి చూస్తే మూడో మెయిల్ లోనే తప్పు దొరికింది, అన్‌సబ్‌స్క్రైబ్ అడ్రస్ లో నా సొంత అడ్రస్ ఉండిపోయింది. అన్నీ డిలీట్ చేసి, దిద్ది, మళ్ళీ రన్ చేసి, మళ్ళీ చూసి ఈ సాయంత్రం 6 కి వదిలా. లాగ్ లో స్టేటస్ సెంట్ 594. 550 తో బౌన్స్ అయినవి 9, అన్నీ "అలాంటి యూజర్ లేరు" అనే. ఇంకో 4 డిఫర్ అయ్యాయి, 450 అని వచ్చింది, గ్రేలిస్ట్ అని రాసుంది.

క్యూ_కాపలా | బుధవారం రాత్రి 8:33

450 ని ముట్టుకోకండి. 4 తో మొదలైతే "ఇప్పుడు కాదు, తర్వాత రా" అని అర్థం, 5 తో మొదలైతే ఇక రావద్దని. గ్రేలిస్ట్ పెట్టిన సర్వర్ కొత్తవాళ్ళని మొదటిసారి వెనక్కి పంపి, మళ్ళీ వస్తేనే తీసుకుంటుంది. పోస్ట్‌ఫిక్స్ తనే మళ్ళీ ప్రయత్నిస్తుంది, డిఫాల్ట్ గా 5 రోజుల దాకా. ఆ 9 మాత్రం ఈ రాత్రే లిస్ట్ లోంచి తీసేయండి, లేని అడ్రస్‌లకి మళ్ళీ మళ్ళీ పంపితే చెడ్డపేరు మీ సర్వర్ కే.

కొత్త_షెల్ | బుధవారం రాత్రి 9:20

9 తీసేశా, వాటిలో ఇద్దరి ఫోన్ నంబర్లు ఉన్నాయి, రేపు అడిగి కొత్త అడ్రస్ తీసుకుంటా. ఆ 4 లో మూడు వెళ్ళిపోయాయి. నోటీస్ లో అడ్రస్‌లు బయటపడిన సంగతి రాశా కదా, ఇప్పటిదాకా పదకొండు మంది జవాబిచ్చారు, ఒక్కరే కోప్పడ్డారు, ఆయన కోపం న్యాయమే, విడిగా మెయిల్ రాస్తున్నా.

కొత్త_షెల్ | బుధవారం రాత్రి 9:58

నాలుగోది కూడా వెళ్ళింది. మెయిల్‌క్యూ కొడితే క్యూ ఖాళీ అంటోంది.